గేమ్ ఓవర్ (2019): ఆపదలో ఉన్న ఒక అమ్మాయి కథ, మన ఇళ్లలో మాట్లాడుకోవలసిన విషయాలు

‘గేమ్ ఓవర్’ 2019 జూన్ 14న విడుదలైన సైకలాజికల్ క్రైమ్ థ్రిల్లర్. తెలుగు, తమిళ భాషల్లో ఒకేసారి తీశారు. హిందీ అనువాదాన్ని దర్శకుడు అనురాగ్ కశ్యప్ సమర్పించారు. సినిమాలో పెద్ద హీరో లేడు, డ్యూయెట్లు లేవు. కథంతా ఒక ఇల్లు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, బయట ఒక ముప్పు చుట్టూ తిరుగుతుంది. సరిహద్దు జిల్లాలో మన పిల్లలు తెలుగు చదవలేకపోయినా తెలుగు సినిమా మాత్రం వదలరు. ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్లు ఈ సినిమా గురించి తెలుసుకోవలసిన వివరాలు, దాని వెనకున్న వైద్యం, చట్టం సంగతులు ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

సినిమా వివరాలు

దర్శకుడు అశ్విన్ శరవణన్. అంతకుముందు 2015లో నయనతారతో ‘మాయ’ తీశారు. అది తెలుగులో ‘మయూరి’గా వచ్చింది. ‘గేమ్ ఓవర్’ను కావ్యా రామ్‌కుమార్‌తో కలిసి రాశారు. నిర్మాణం వై నాట్ స్టూడియోస్, ఛాయాగ్రహణం ఎ. వసంత్, సంగీతం రాన్ ఈథన్ యోహాన్. ప్రధాన పాత్ర తాప్సీది. 2010లో కె. రాఘవేంద్రరావు ‘ఝుమ్మంది నాదం’తో ఆమె తెలుగువాళ్లకు పరిచయమైంది. ఇంటి పనులు చూసుకునే కళమ్మగా వినోదిని వైద్యనాథన్, మానసిక వైద్యుడిగా అనీష్ కురువిల్లా నటించారు.

కథ

స్వప్న వీడియో గేములు తయారు చేసే అమ్మాయి. ఊరి చివర పెద్ద ఇంట్లో కళమ్మతో కలిసి ఉంటుంది. ఏడాది కిందట కొత్త సంవత్సరం రాత్రి ఆమెపై అత్యాచారం జరిగింది. అప్పటినుంచి చీకటంటే భయం. లైటు ఆరితే ఊపిరాడదు. కన్నవాళ్లకూ ఆమెకూ మధ్య దూరం పెరిగింది. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ భయం ఎక్కువవుతుంది. మణికట్టు మీద వేయించుకున్న పచ్చబొట్టు కారణం లేకుండా మండుతుంది.

ఆ పచ్చబొట్టు వెనక ఇంకో అమ్మాయి ఉంది. పేరు అముద. క్యాన్సర్‌తో పోరాడి నిలబడిన పిల్ల, ముసుగు హంతకుడి చేతిలో చనిపోయింది. ఆమె జ్ఞాపకంగా పచ్చబొట్టు సిరాలో కలపవలసిన చితాభస్మం పొరపాటున స్వప్న చేతికి చేరింది. అముద తల్లి వచ్చి కూతురి గురించి చెప్పడం సినిమాలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం. ఈలోగా స్వప్న ఆత్మహత్యకు ప్రయత్నించి, కాళ్లు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమవుతుంది. సరిగ్గా అప్పుడే హంతకులు ఆ ఇంటికి వస్తారు. వీడియో గేములో ఆటగాడికి కొన్ని ప్రాణాలుంటాయి, ఒకటి పోతే మళ్లీ మొదటినుంచి ఆడాలి. ఆఖరి భాగం ఆ లెక్కమీదే నడుస్తుంది. చూడనివాళ్ల కోసం ముగింపు ఇక్కడ చెప్పడం లేదు.

ఒక హెచ్చరిక. సినిమాలో హత్య, ఆత్మహత్యాప్రయత్నం సన్నివేశాలున్నాయి. చిన్నపిల్లలతో చూసే సినిమా కాదు. ఇలాంటి బాధ స్వయంగా పడినవాళ్లు ఒంటరిగా చూడకపోవడం మంచిది.

తెలుగులో ఈ తరహా

ఆపదలో ఉన్న అమ్మాయి చుట్టూ కథ అల్లడం తెలుగుకు కొత్త కాదు. 1985లో వంశీ ‘అన్వేషణ’లో భానుప్రియ పాత్ర పక్షుల కూతల్లో సంగీతం వెతుక్కుంటూ అడవికి వెళ్లి వరుస హత్యల మధ్య చిక్కుకుంటుంది. ఇళయరాజా సంగీతం వల్ల అది ఇప్పటికీ మన పెద్దవాళ్లకు గుర్తే. 2007లో రవిబాబు ‘అనసూయ’లో భూమిక వరుస హంతకుడి వెంటపడింది. 2020లో శైలేష్ కొలను ‘హిట్’లో ఒక అమ్మాయి కనిపించకుండా పోతుంది, వెతికే పోలీసు అధికారి తానే పాత గాయంతో బాధపడుతుంటాడు. కన్నడం నుంచి వచ్చినదీ ఒకటుంది. పవన్ కుమార్ 2016లో కన్నడంలో తీసిన ‘యూ టర్న్’ను ఆయనే 2018లో సమంతతో తెలుగులో తీశారు. రెండు భాషలూ తెలిసిన మన ఇళ్లలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

వీటిలో చాలావాటిలో ప్రశ్న ఒక్కటే: హంతకుడెవరు? ‘గేమ్ ఓవర్’ ఆ ప్రశ్నను పక్కన పెట్టింది. ముసుగు వెనక ఎవరున్నారో, ఎందుకు చంపుతున్నారో పెద్దగా చెప్పదు. అంత జరిగిన తర్వాత ఆ అమ్మాయి మళ్లీ ఎలా బతుకుతుంది అన్నదే దానికి ముఖ్యం. అందుకే ఇది నేర కథకన్నా మనసు కథ అనిపిస్తుంది.

డాక్టర్లు ఏమంటారు

స్వప్నకున్నది పిరికితనం కాదు, జబ్బు. ప్రాణాపాయం, అత్యాచారం, ఘోర ప్రమాదం వంటివి ఎదురైనవారిలో కొందరికి వచ్చే ఈ స్థితిని వైద్యులు పీటీఎస్‌డీ అంటారు. జరిగింది మళ్లీ కళ్లముందే జరుగుతున్నట్టు అనిపించడం, పీడకలలు, ఆ చోటునూ ఆ మాటనూ తప్పించుకు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ కలవలేకపోవడం దీని లక్షణాలు. ఇవి నెలకు మించి ఉండి రోజువారీ పనికి అడ్డుపడితే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. సంఘటన జరిగిన తేదీ దగ్గరపడుతుంటే బాధ తిరగబెట్టడం కూడా వైద్యులకు తెలిసిన విషయమే. సినిమాలో డాక్టరు స్వప్నకు చెప్పేది అదే. మాటలతో చేసే చికిత్స, అవసరమైతే మందులు, రెండింటితో చాలామంది కోలుకుంటారు.

దిష్టి తీయడం, దర్గాకో గుడికో తీసుకెళ్లడం ఎవరి నమ్మకం వారిది. ఆ నమ్మకం డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని ఆపకూడదు, అంతే.

బళ్లారి చూపిన దారి

మానసిక వైద్యం విషయంలో మన జిల్లాకు దేశ చరిత్రలో చోటుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. కేంద్ర ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించింది. పెద్దాసుపత్రుల్లో ఉన్న వైద్యాన్ని పల్లెకు చేర్చడం ఎలాగో తేల్చుకోవడానికి బెంగళూరు నిమ్హాన్స్ 1980ల మధ్యలో బళ్లారి జిల్లాను ఎంచుకుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చారు, ముఖ్యమైన మందులు పల్లెలకే అందేలా చూశారు, జిల్లా స్థాయిలో నిపుణుల అండ ఏర్పాటు చేశారు. దాన్నే ‘బళ్లారి నమూనా’ అంటారు. ఆ అనుభవంమీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలై, తర్వాత దేశంలోని ఇతర జిల్లాలకు పాకింది. అలాంటి జిల్లాలో ఉంటూ మనసు జబ్బును ఇరుగుపొరుగుకు తెలియకుండా దాచుకోవలసిన అవసరం లేదు.

ఇప్పుడైతే ఫోన్‌లోనే సాయం దొరుకుతుంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉచిత నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆగకుండా ఆ నంబరుకు చేయాలి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయవద్దు.

సరిహద్దు ఇళ్లకు తెలియవలసిన చట్టం

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరులో కలిసింది. గీత మారింది కానీ చుట్టరికాలు మారలేదు. మన ఆడపిల్లలు అనంతపురంలో చదువుతారు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తారు, ఆదోనిలో కాపురం ఉంటారు. అక్కడ ఏదైనా జరిగితే ‘ఇది మా పరిధి కాదు’ అన్న మాట వినవలసి వస్తుందేమోనని భయం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన విషయమైతే ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తర్వాత ఆ కేసు సంబంధిత ఠాణాకు వెళ్తుంది.

మరికొన్ని ముఖ్యమైనవి:

ఫిర్యాదు నోటిమాటగా చెప్పవచ్చు. పోలీసులు రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. కన్నడం చదవలేని పెద్దవాళ్లు పూర్తిగా విని, అర్థమయ్యాకే సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి.

అత్యాచార బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి.

బాధితురాలి పేరు, గుర్తింపు తెలిసే వివరాలు ప్రచురించడం నేరం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పంచుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వద్దన్నా వెంటపడడం, ఫోన్‌లోనూ ఇంటర్నెట్‌లోనూ కనిపెట్టడం 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

అత్యవసరానికి 112, మహిళా సహాయానికి 181, పిల్లల కోసం 1098. ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరికేలా 2015 నుంచి సఖి కేంద్రాలు నడుస్తున్నాయి.

ఇంట్లో పెద్దలు చేయగలిగింది

స్వప్న ఇంటికి గోడ ఉంది, కాపలా ఉంది, కెమెరాలున్నాయి. అయినా ఆమెకు నిజంగా ఆసరా అయింది కళమ్మ. ఆమెకు సైకాలజీ తెలియదు. ‘ఎందుకు వెళ్లావు’ అని అడగదు. అన్నం పెడుతుంది, లైటు వేసి ఉంచుతుంది, రాత్రి పక్కనే ఉంటుంది. ఆఖరికి ప్రాణం మీదికి వచ్చినప్పుడూ పారిపోదు.

మన ఇళ్లలో ఇలాంటి మాట బయటికి వచ్చినప్పుడు మొదటి ప్రశ్న తరచుగా ‘ఆ వేళప్పుడు అక్కడేం పని’ అనే ఉంటుంది. రెండోది ‘ఎవరికైనా తెలిసిందా’. తర్వాత గబగబా సంబంధం చూసి పెళ్లి చేసేద్దామన్న ఆలోచన. ఈ మూడూ పిల్ల నోరు మూయిస్తాయి. దానికి బదులు చేయవలసినవి చిన్నవే. ‘నీ తప్పు లేదు’ అని ముందు చెప్పండి. చెప్పినంతవరకే వినండి, గుచ్చి గుచ్చి అడగవద్దు. ఒంటిమీది బట్టలు ఉతకకుండా, ఫోన్‌లోని మెసేజీలు చెరపకుండా దాచండి. ఆసుపత్రికీ ఠాణాకూ తోడు వెళ్లండి. ఏడాది తిరిగేసరికి, ఆ తేదీ వచ్చినప్పుడు, పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూడండి.

ఈ సినిమాను పిల్లలు పెద్దయ్యాక వాళ్లతో కలిసి చూసే ఇళ్లలో, చూశాక టీవీ కట్టేసి వెంటనే లేచిపోవద్దు. ‘నీకెప్పుడైనా ఇలా భయం వేసిందా’ అని ఒక్కసారి అడగండి. జవాబు ఆరోజే రాకపోవచ్చు. అడిగారన్న సంగతి మాత్రం అవసరమైన రోజున వాళ్లకు గుర్తుంటుంది.