చిరివేరు ఎరుపు

తీరప్రాంతపు ఇసుకనేలల్లో నేలబారుగా పెరిగే మొక్క చిరివేరు. రంగంతా దాని సన్నటి వేరు పైతొక్కలోనే ఉంటుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో నిజాంపట్నం పరిసరాల్లో తవ్విన చిరివేరుకు దేశమంతటా పేరుండేది. గుల్లలు కలిసిన నేలలోని సున్నం ఆ ఎరుపుకు నిగ్గు తెచ్చేది.

బందరు అద్దకం ఆ వేరు మీదే బతికింది. ఉతికిన గుడ్డను కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టి ఆరవేసేవారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి నల్లరంగు తీసేవారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్దేవారు. చిరివేరు వేసి కాచిన కాగులో ఆ గుడ్డను ఉడికిస్తే, పటిక తగిలినంత మేరా ఎరుపు పట్టేసేది. మిగతా చోట అంటిన లేత మరకను ఉతికి, ఎండలో పరిచి, నీళ్లు చల్లుతూ పోగొట్టేవారు. పటిక పట్టిన ఎరుపు మాత్రం ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదిరేది కాదు.

ఈ తీరపు బట్టల వ్యాపారం కోసమే 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో కొట్లు పెట్టారు. అద్దకపు బట్టల మోజు ఐరోపాలో ఎంతగా పెరిగిందంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు వాటిని నిషేధించింది. 1721లో ఇంగ్లండు చట్టమే చేసింది. పారసీక దేశం, తూర్పు దీవుల బేరాలతో అద్దకందార్లు నిలదొక్కుకున్నారు. ఇంగ్లండు మిల్లుల్లో యంత్రాల మీద అచ్చైన చవక గుడ్డ వచ్చి ఆ బేరాలనూ దెబ్బతీసింది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తింది. సుమారు 30,000 మంది ప్రాణాలు పోయాయి. నాలుగేళ్లకు, 1868లో, బెర్లినులో గ్రేబె, లీబర్‌మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో అలిజరిన్ తయారుచేశారు. చిరివేరులోని ఎరుపుకు మూలం ఆ పదార్థమే. తారు నుంచి అది కార్ఖానాల్లో పుట్టలుపుట్టలుగా తయారవుతుంటే, ఏళ్లు ఆగి, ఇసుక తవ్వి, వేళ్లు ఏరి, తూకం వేసే కూలికి గిట్టుబాటు ఎక్కడిది? కొనేవాడు లేక తవ్వేవాడు మానేశాడు.

ఇప్పుడు బందరు పక్కనున్న పెడన అద్దకపు కార్ఖానాల్లో కరక్కాయ ఉంది, పటిక ఉంది, చెక్క అచ్చులున్నాయి. ఎరుపు కోసం కాగులో పడేది మాత్రం చాలాచోట్ల అలిజరిన్ పొడే. ఏ నేల వేరు ముదురు ఎరుపిస్తుందో, ఎన్నాళ్ల వేరు తవ్వాలో, కాగు ఎప్పుడు దింపాలో చేతివాటంగా తెలిసిన తరాలు వెళ్లిపోయాయి. వాళ్ల పనితనంలో లోపమేమీ లేదు. చట్టం బేరాన్ని తీసుకుపోయింది, ఉప్పెన మనుషుల్ని తీసుకుపోయింది, చివరికి చవక ధర ఆ విద్యనే తీసుకుపోయింది.