భాస్వరంలో భీమవరం

క్వాంటం కంప్యూటర్ కట్టడానికి పనికొచ్చే మూలకాల్లో భాస్వరం కూడా ఉందని చదివినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మన చేలల్లో డీఏపీ రూపంలో చల్లే భాస్వరమే! ప్రకృతిలో దొరికేదంతా ఒకటే రకం, భాస్వరం-31. అయస్కాంత క్షేత్రంలో దాని కేంద్రకానికి స్పిన్ స్థితులు రెండే: పైకి, కిందికి. రెండూ కలగలిసిన స్థితిలోనూ అది ఉండగలదు. క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే క్యూబిట్‌కు కావలసింది అదే. సిలికాన్‌లో భాస్వరం పరమాణువులు పొదిగి క్వాంటం కంప్యూటర్ చేయవచ్చని 1998లో బ్రూస్ కేన్ 'నేచర్' పత్రికలో ప్రతిపాదించాడు.

భాస్వరం అనగానే కొల్లేటి ప్రాంతం వాళ్లకు గుర్తు రావలసిన పేరు ఒకటుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ మూత్రాన్ని మరగకాచి భాస్వరం తీశాడు. అక్కడినుంచి రెండున్నర శతాబ్దాలు దాటేసి నేరుగా హార్వర్డ్‌కు వెళ్తాను, నాకు ప్రాణమైన కాలం అదే. ఖద్దరు కట్టినందుకు మద్రాసు వైద్య కళాశాలలో ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ దక్కక ఎల్ఎంఎస్‌తో బయటపడిన మనిషి సుబ్బారావు గారు. బోస్టన్‌లో రాత్రిళ్లు ఆసుపత్రి పోర్టరుగా పనిచేస్తూ చదువుకున్నారు. తర్వాత సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చేరారు. భాస్వరాన్ని కొలిచే వాళ్లిద్దరి పద్ధతి 1925లో అచ్చయింది. రక్తంలోనో మూత్రంలోనో ఉన్న ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, క్షయకరణి వేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఆ రంగూ క్వాంటం సంగతే. ఎర్ర కాంతిని మింగి ఎలక్ట్రాన్ ఒక మాలిబ్డినం నుంచి ఇంకోదానికి గెంతుతుంది, మింగుడుపడని నీలం మన కంటికి చేరుతుంది.

ఆ కొలతతోనే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ వాళ్ల చేతికి చిక్కాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని కనుక్కున్నాడు. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే బయటికి రానివ్వలేదని, ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జి హిచింగ్స్ చెప్పాడు. అలా పోయిన ఏళ్లను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. శాస్త్రానికి ఇంతకంటే ద్రోహం ఉండదు.

1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎలుక కాలి కండరాన్ని నూరకుండా, కరిగించకుండా అయస్కాంతంలో పెట్టి, అందులోని ఏటీపీని, ఫాస్ఫోక్రియాటిన్‌ను చూశారు. చూపించింది భాస్వరం స్పిన్నే. సుబ్బారావు గారు నీలం రంగులో లెక్కగట్టిన అణువులే ఆ స్పిన్ సంకేతాల్లో పలికాయి.

ఇక ఆ స్పిన్‌ను క్యూబిట్‌గా వాడుకోవడానికి మిగిలింది పదార్థ శాస్త్రం పని. సిలికాన్-29 కేంద్రకానికీ స్పిన్ ఉంది, అది భాస్వరం క్యూబిట్‌ను చెదరగొడుతుంది. అందుకే సిలికాన్-28ను శుద్ధి చేసి వాడాలి. అలాంటి స్ఫటికంలో భాస్వరం కేంద్రకాలు గది ఉష్ణోగ్రతలో 39 నిమిషాలపాటు క్వాంటం స్థితిని నిలుపుకున్నాయని 2013లో 'సైన్స్' ప్రచురించింది.

ఇప్పుడు అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు. మంచిదే. కానీ యంత్రం ఒక్కటే వస్తే చాలదు, శుద్ధి చేయడం, కొలవడం తెలిసిన కెమిస్టులు కావాలి. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో, ఏలూరు, భీమవరం కాలేజీల్లో చదివే పిల్లలకు ఒక్క మాట. నీటిలో ఫాస్ఫేటు కొలవడానికి ఈనాటికీ మాలిబ్డినం నీలమే ఆధారం. కొల్లేటి నీళ్లు ఒక సీసాడు తెచ్చి మీ ల్యాబులో ఆ పరీక్ష చేయండి, ఆ తర్వాత స్పిన్ పాఠం తెరవండి.