వలస చట్టంలో రోగి స్థానం: అమెరికా చరిత్ర చెప్పే పాఠం

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో అనుమతి పత్రాలు లేకుండా ఇరవై ఏళ్ళుగా జీవిస్తున్న ఒక తల్లి ఉన్నదనుకుందాం. ఎడారి సరిహద్దు దాటి వచ్చింది. తోటల్లో పండ్లు కోసింది, హోటళ్ళలో గిన్నెలు తోమింది. పిల్లలు అక్కడే పుట్టారు గనుక వారు అమెరికా పౌరులు. ఇప్పుడామె మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ దేశంలో ఉండి వైద్యం చేయించుకోవటానికి ఆమెకు ఏ చట్టం కింద అనుమతి దొరుకుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు ఏ ఒక్క సెక్షన్‌లోనూ లేదు. నూట నలభై ఏళ్ళ చరిత్రలో వెతుక్కోవలసి ఉన్నది. ఆ చరిత్రను వరసగా చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. రోగగ్రస్తుడైన వలసకూలీ ఆ చట్టానికి ఒకప్పుడు ఖజానా మీద పడే భారంగా కనిపించాడు, మరొకప్పుడు పౌరుడైన వాడి బిడ్డకు కలిగే కష్టంగా కనిపించాడు. వాడి సొంత బాధను చట్టం లెక్కలోకి తీసుకున్నది 1952 నుంచి 1996 దాకా, నలభై నాలుగేళ్ళు మాత్రమే. ఆ నలభై నాలుగేళ్ళలో కూడా అది అధికారి దయగానే ఉన్నది గాని రోగి హక్కు కాలేదు.

మొదటి ఘట్టం 1882. ఆ ఏడాది మేలో చైనా కూలీలను నిషేధించే చట్టం వచ్చింది. ఆగస్టులో వచ్చిన సాధారణ వలస చట్టం, తనను తాను పోషించుకోలేక సర్కారుకు భారమయ్యేవారిని ఓడ దిగనీయరాదన్నది. అదే చట్టం దిగినవారి మీద తలకు 50 సెంట్ల పన్ను వేసి, ఆపదలో పడిన వలసదారుల సహాయానికి ఆ డబ్బు వాడాలన్నది. అంటే వలసదారుల కష్టానికయ్యే ఖర్చును వలసదారులే పెట్టుకున్నారు. భారమనే పేరు మాత్రం వారికే వచ్చింది. 1891 చట్టం అంటురోగులను నిషేధించి, తిప్పిపంపే ఖర్చును ఓడల కంపెనీల నెత్తిన పెట్టింది. 1907 చట్టం దాపరికం లేకుండా మాట్లాడింది: జీవనోపాధి సంపాదించుకొనే శక్తికి అడ్డు వచ్చే శారీరక లోపం ఉంటే ప్రవేశం లేదు. కార్మికుడి శరీరాన్ని శ్రమశక్తి కొలమానంతో తూచటమనే మాటను విమర్శకులు కల్పించలేదు. శాసనకర్తలే రాసిపెట్టారు.

1892లో న్యూయార్కు రేవులో తెరిచిన ఎల్లిస్ ద్వీపంలో ఈ కొలమానం ఎట్లా పనిచేసిందో చూడవచ్చు. మెట్లెక్కి వచ్చే జనాన్ని వైద్యులు క్షణాల్లో పరీక్షించి, అనుమానం వచ్చినవారి కోటు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. గుండెకొక అక్షరం, కంటికొక అక్షరం, కుంటితనానికొక అక్షరం. ట్రకోమా అనే కంటిజబ్బు కోసం కనురెప్పలు తిరగేసి చూసేవారు. తల్లికో బిడ్డకో ఆ జబ్బు బయటపడితే కుటుంబం రేవులోనే రెండుగా చీలిపోయేది. ఐతే ఈ మెట్లు ఎక్కవలసినవారు ఓడ అడుగుభాగంలో ప్రయాణం చేసిన పేదలు. మొదటి, రెండవ తరగతి ప్రయాణికులకు ఓడ మీదనే నామమాత్రపు పరీక్ష జరిగేది. ట్రకోమా క్రిమి టిక్కెట్టు తరగతి చూసి పట్టదు. పరీక్ష మాత్రం తరగతిని చూసే జరిగింది.

దేశంలోకి వచ్చి స్థిరపడిన తర్వాత కష్టంలో పడితే ఏమయ్యేది? 1917 చట్టం ప్రకారం, వచ్చిన ఐదేళ్ళలోపల సర్కారు సహాయం మీద ఆధారపడినవారిని దేశం నుంచి పంపివేయవచ్చు. ఆర్థిక మాంద్యం నాటి 1930లలో సహాయ జాబితాల్లో ఉన్న మెక్సికన్ కుటుంబాలను లాస్ ఏంజెలెస్ వంటి నగరాలు రైళ్ళెక్కించి పంపాయి. ఆ దశాబ్దంలో దేశం విడిచిపోవలసి వచ్చినవారు లక్షల్లో ఉన్నారు; వారిలో చాలామంది అమెరికాలో పుట్టిన పిల్లలు, అంటే పౌరులు. 2005లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకు చట్టం చేసి క్షమాపణ చెప్పింది. కాని 1942లో యుద్ధం వల్ల కూలీలు కావలసి వచ్చినప్పుడు, అదే మెక్సికో నుంచి ఒప్పందం మీద మనుషులను మళ్ళీ రప్పించారు. 1964 దాకా సాగిన ఆ పథకంలో, చేతులకు కాయలు కాచాయా లేదా అని పట్టి చూసి ఎంపిక చేసేవారు. ఒంటి మీద డి.డి.టి. చల్లేవారు.

ఇక దయ అనే అంశం చట్టంలోకి ఎట్లా వచ్చిందో చూద్దాం. కమ్యూనిస్టు నాయకులను జైళ్ళలో పెట్టటానికి ఉపయోగపడిన 1940 నాటి స్మిత్ చట్టాన్ని మన పాఠకులు ఎరుగుదురు. విచిత్రమేమంటే బహిష్కరణను నిలుపుదల చేసే అధికారాన్ని ప్రభుత్వానికి మొదట ఇచ్చినది కూడా ఆ చట్టమే. ఐతే షరతు ఏమిటి? ఆ మనిషిని పంపితే పౌరులో చట్టబద్ధ నివాసులో అయిన భార్యకో బిడ్డకో తల్లిదండ్రులకో తీవ్రమైన ఆర్థికనష్టం కలగాలి. పోషించేవాడు పోతే కుటుంబం సర్కారు మీద పడుతుందన్న భయమే ఇక్కడ దయ వేషం వేసుకొని వచ్చింది. 1952 నాటి మెకారన్–వాల్టర్ చట్టం ఎంత అభివృద్ధి నిరోధకమైనదైనా, కష్టం కుటుంబానికి కలిగినా, ఆ మనిషికే కలిగినా లెక్కించవచ్చునని రాసింది. 1962లో సవరణ జరిగి, మామూలు కేసుల్లో ఏడేళ్ళ నివాసమూ తీవ్రమైన కష్టమూ నిరూపిస్తే చాలునన్నారు. రోగి తన రోగాన్ని తన పేరునే చెప్పుకోగలిగిన కాలమది. 1981లో సుప్రీంకోర్టు, తీవ్రమైన కష్టమంటే ఏమిటో ఇరుకుగా నిర్వచించుకొనే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని తీర్పు చెప్పి ఆ వాకిలిని సగం మూసింది.

చట్టంలో లేని మరో వాకిలి ఆఫీసు ఫైళ్ళలో దాగి ఉన్నది. ఆ సంగతి లోకానికి తెలిసింది ఒక గాయకుడి కేసు వల్ల. యుద్ధవ్యతిరేక ఉద్యమంలో పాల్గొన్న జాన్ లెనన్‌ను, 1968లో లండన్‌లో పడిన గంజాయి కేసు సాకుగా చూపి, 1972లో దేశం నుంచి పంపివేయటానికి నిక్సన్ ప్రభుత్వం పూనుకున్నది. అతని న్యాయవాది లియాన్ వైల్డ్స్ సమాచార హక్కు చట్టాన్ని ఉపయోగించి ఆఫీసు రికార్డులు బయటికి తీయించాడు. బహిష్కరించవలసిన వారిలో కొందరి ఫైళ్ళను మానవతా కారణాల మీద పక్కన పెట్టే అలవాటు వలసశాఖకు ఎప్పటినుంచో ఉన్నదని అప్పుడు తేలింది. 1975లో బహిరంగమైన ఆ సూచనల్లో వయస్సు, దీర్ఘకాల నివాసం, వైద్యం అవసరమైన శారీరక మానసిక స్థితి, కుటుంబ పరిస్థితి అనే అంశాలున్నాయి. ఇట్లా విడిచిపెట్టిన 1,800 పైచిలుకు కేసులను వైల్డ్స్ పరిశీలించాడు. రోగులు, వృద్ధులు, పసివారు వాటిలో ఉన్నారు. నేడు డిఫర్డ్ యాక్షన్ అంటున్నది దీనినే: మనిషిని పంపే చర్యను వాయిదా వేయటం. ఇది అనుమతి కాదు, శాశ్వత నివాసానికి దారి కాదు. ఇచ్చిన చెయ్యి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పైగా ఇన్నేళ్ళు ఈ వాకిలి ఉన్నదని తెలియకనే ఎంతమంది పేద రోగులు ఓడలెక్కి, బస్సులెక్కి వెళ్ళిపోయి ఉంటారో ఆలోచించండి. పేరుమోసిన వాడికి పేరుమోసిన వకీలు దొరికితే గాని ఆ గుట్టు రట్టు కాలేదు.

1986లో వచ్చిన సార్వత్రిక క్షమాభిక్ష చట్టం కింద సుమారు 27 లక్షల మందికి కాగితాలు దక్కాయి. ఎన్నో ఏళ్ళ కిందట వచ్చినవారికి నివాసం నమోదు చేసుకొనే మరో పాత పద్ధతి 1929 నుంచి ఉన్నది. దాని గడువుతేదీని కాలంతోపాటు ముందుకు జరుపుతూ వచ్చారు. 1986లో దానిని 1972 జనవరి 1కి జరిపారు. ఆ తేదీ ఇప్పటిదాకా అంగుళం కదలలేదు.

పదేళ్ళకే గాలి తిరిగింది. 1996 చట్టాలు పాత నిలుపుదల పద్ధతిని తీసివేసి, బహిష్కరణ రద్దు అనే కొత్త పద్ధతిని పెట్టాయి. ఏడేళ్ళు పదేళ్ళయ్యాయి. తీవ్రమైన కష్టం కాస్తా అసాధారణమైన, మిక్కిలి అరుదైన కష్టమయింది. ఏడాదికి 4,000 మందికి మించి ఇవ్వరాదని పరిమితి వచ్చింది. అన్నిటికీ మించి, కష్టం ఎవరికి కలగాలనే జాబితా నుంచి ఆ మనిషినే కొట్టివేశారు. పౌరులో శాశ్వత నివాసులో అయిన భార్యాభర్తలకు, తల్లిదండ్రులకు, బిడ్డలకు కలిగే కష్టమే లెక్క.

మొదట చెప్పిన తల్లి పరిస్థితిని ఈ వెలుగులో పరిశీలించండి. బహిష్కరణ రద్దు కోరాలంటే ఆమె తనంతట తాను దరఖాస్తు పెట్టుకోలేదు. ప్రభుత్వం ఆమెను పట్టుకొని వలస న్యాయమూర్తి ముందు నిలబెట్టిన తర్వాతనే అడగాలి. అక్కడ ఆమె మూత్రపిండాల మాట చెల్లదు. ఆమె పోతే బిడ్డ ఎంత అరుదుగా బాధపడతాడో నిరూపించాలి. ఆ బిడ్డకు 21 ఏళ్ళు నిండితే చట్టం దృష్టిలో బిడ్డ కాడు, వాడి బాధ లెక్కలోంచి పోతుంది. పోనీ, 21 నిండిన పౌరుడు తల్లి కోసం దరఖాస్తు పెట్టవచ్చు గదా? పెట్టవచ్చు. ఐతే ఆమె సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చింది గనుక దేశంలో ఉండి గ్రీన్ కార్డు పొందలేదు, బయటికి వెళ్ళి తెచ్చుకోవాలి. ఏడాదికి మించి కాగితాలు లేకుండా ఉన్న మనిషి బయట అడుగుపెట్టిన మరుక్షణం పదేళ్ళ నిషేధం తగులుకుంటుంది. ఆ నిషేధం నుంచి మినహాయింపు కావాలంటే మళ్ళీ కష్టం నిరూపించాలి. ఈసారి భర్త కష్టమో, ఆమె కన్నవారి కష్టమో కావాలి. కొడుకు కష్టం పనికిరాదు! ఒక కిటికీ దగ్గర బిడ్డ కన్నీరు తెమ్మంటారు, ఇంకో కిటికీ దగ్గర ఆ కన్నీరు చెల్లదంటారు. ఆమె రోగం ఏ కిటికీ దగ్గరా చెల్లదు. అపరాధ రుసుం కట్టి లోపలే కాగితాలు పొందే వెసులుబాటు 1994లో వచ్చింది గాని, 2001 ఏప్రిల్ 30లోగా దరఖాస్తు పడినవారికే అది పరిమితమయింది.

ఈలోగా వైద్యం మాటేమిటి? 1986 చట్టం ప్రకారం అత్యవసర స్థితిలో వచ్చిన ఎవరినైనా ఆసుపత్రి చూడాలి. 1996 సంక్షేమ చట్టం అంతకు మించిన ఫెడరల్ సహాయాన్ని కాగితాలు లేనివారికి లేకుండా చేసింది. మూత్రపిండాలు పనిచేయని రోగికి వారానికి మూడుసార్లు డయాలిసిస్ కావాలి. అనేక రాష్ట్రాల్లో వీరికి, ఊపిరాడక, రక్తంలో పొటాషియం ప్రాణాంతక స్థాయికి వచ్చి అత్యవసర విభాగంలో పడినప్పుడే డయాలిసిస్ దొరుకుతూ వచ్చింది. చావు అంచుకు వచ్చినప్పుడు లాగి, నాలుగు రోజులకు మళ్ళీ ఆ అంచుకు పంపే వైద్యమిది. కొన్ని ఆసుపత్రులు ఇంకా ముందుకు వెళ్ళాయి. 2003లో ఫ్లోరిడాలో, ప్రమాదంలో మెదడుకు దెబ్బతగిలిన గ్వాటెమాలా కూలీని ఆసుపత్రివారే విమానం మాట్లాడి స్వదేశం పంపివేశారు. అందుకు అనుమతించిన కోర్టు ఉత్తర్వు చెల్లదని 2004లో అప్పీలు కోర్టు చెప్పింది. అప్పటికి రోగి గ్వాటెమాలాలో ఉన్నాడు.

పౌరులైన పిల్లల తల్లిదండ్రులకు చర్య వాయిదా ఇస్తామని 2014 నవంబరులో ఒబామా ప్రకటించాడు. 2015లో టెక్సస్ కోర్టు ఆపింది. 2016లో సుప్రీంకోర్టు నాలుగు–నాలుగుగా చీలిపోవటంతో ఆ పథకం పుట్టకనే పోయింది. 2019 ఆగస్టులో వైద్య కారణాల మీద వాయిదా కోరినవారికి, ఇక ఆ విజ్ఞప్తులు చూడబోమనీ, 33 రోజుల్లో దేశం విడిచిపొమ్మనీ ఉత్తరాలు వెళ్ళాయి. క్యాన్సర్ పిల్లలు, వారి తల్లిదండ్రులు, వైద్యులు, న్యాయవాదులు గొంతెత్తారు. సెప్టెంబరు ముగియకముందే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కష్టం నిర్ణయాన్ని పైకోర్టులు సమీక్షించవచ్చునని 2024 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని 2011 నుంచి ఆసుపత్రుల్లో అరెస్టులను నియంత్రిస్తూ వచ్చిన రక్షణ సూచనలను 2025 జనవరిలో రద్దు చేశారు. వైద్యుడి గది దాకా వెళ్ళటానికే రోగి జంకవలసిన స్థితి వచ్చింది.

ఏ దేశమైనా ఇట్లాగే చేస్తుంది, ఇది తప్పనిసరి అని వాదించేవారున్నారు. 1998లో ఫ్రాన్సు చేసిన చట్టం వారికి జవాబు. వైద్యం అందకపోతే ఘోర పరిణామం కలిగే రోగికి, స్వదేశంలో ఆ వైద్యం దొరకనప్పుడు, ఆ రోగం కారణంగానే నివాసపత్రం ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఎయిడ్స్ రోగుల సంఘాలు చేసిన ఆందోళన ఫలితమది. ఆచరణలో దానిని కుదించే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నా, రోగి తన పేరుతో అడగగలడన్న సూత్రం నిలిచింది. మనకూ ఈ చర్చ దూరం కాదు. కరీంనగర్, నిజామాబాదు, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ దేశాలకు పోయే కూలీ నివాస అనుమతికి వైద్యపరీక్ష దాటాలి. రక్తంలో ఎయిడ్స్ వైరస్ కనిపిస్తే తిరుగు ప్రయాణమే. అక్కడా చట్టం చూసేది చేతులనే.

కాబట్టి, కాగితాలు లేని రోగికి ఏ మార్గాలున్నాయన్న ప్రశ్నను వకీలుకే వదిలి ఊరుకోరాదు. ఈనాడు ఉన్న ప్రతి మార్గం వెనుకా ఎవరో అడిగిన చరిత్ర ఉన్నది. మూసుకున్న ప్రతి మార్గం వెనుకా అడిగేవారు బలహీనపడిన కాలం ఉన్నది. 1996లో చట్టం నుంచి కొట్టివేసిన ఆ ఒక్క మాటను, అంటే ఆ మనిషికే కలిగే కష్టాన్ని, తిరిగి రాయించటం చిన్న సంస్కరణగా కనిపించవచ్చు. కాని ఆ మాట చట్టంలోకి తిరిగి వచ్చిననాడు గిన్నెలు తోమిన ఆ తల్లి, తన మూత్రపిండాల సంగతి తన నోటితో న్యాయమూర్తికి చెప్పుకోగలుగుతుంది.