ఓరుగల్లు కీర్తితోరణములు

రాజు తన అధికారమును ప్రజలకు తెలుపుటకు కత్తి యొక్కటే చాలదు. కన్నులకు కనబడు గుర్తు కావలెను. అందుచేతనే దేశదేశముల రాజాస్థానములందు శిల్పికి గౌరవస్థానము లభించినది. ఇటలీలోని నేపుల్సు నగరమును జయించిన ఆరగాను రాజు ఆల్ఫోన్సో 1443లో విజయోత్సవముతో పురప్రవేశము చేసెను. ఆ ఊరేగింపును పాలరాతిపై ఉబ్బెత్తుగా చెక్కించి, కోటద్వారమున విజయతోరణముగా నిలిపిరి. అందు రాజు రథారూఢుడై దర్శనమిచ్చును. ఆయన వంశచిహ్నమును అందు కలదు.

అంతకు దాదాపు రెండు శతాబ్దములకు పూర్వమే కాకతీయులు ఓరుగల్లు కోట నడుమ, స్వయంభూ శివాలయ ప్రాంగణమునకు నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములను నిలిపిరి. ఒక్కొక్కటి సుమారు 30 అడుగుల ఎత్తు గలది. పైదూలము కొనలయందు హంసలు, క్రిందికి వ్రేలాడు తామరమొగ్గలు, చుట్లు చుట్లుగా పూలదండలు, మకరములు వానికి అలంకారములు. రాజు విజయగాథ గాని, దేవతల కథలు గాని వానిపై చెక్కబడలేదు.

1323లో ఉలుఘ్ ఖాన్ నాయకత్వమున ఢిల్లీ సేనలు ఓరుగల్లును గెలిచెను. ప్రతాపరుద్రుడు బందీ యయ్యెను. ఆలయము కూల్చబడెను, తోరణములు మాత్రము నిలిచెను. వానికి సమీపముననే తుగ్లకు శైలిలో ఖుష్ మహలను సభాభవనము వెలసినది. దేవతామూర్తులు లేకపోవుటయే తోరణములను కాపాడియుండునని కొందరి అభిప్రాయము. వాని గాంభీర్యము క్రొత్త పాలకులకును అక్కరకు వచ్చియుండును.

కాకతీయుల పేరు ఓరుగల్లుతో అంతరింపలేదు. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరునకు వచ్చి రాజ్యమును స్థాపించెనని అచటి రాజవంశ సంప్రదాయము. నేడు బస్తరు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దక్షిణభాగము. కనుక భిలాయి, ఉతై ప్రాంతముల తెలుగు కుటుంబములకు కాకతీయగాథ పొరుగింటి కథయే. బస్తరున వంశస్మృతి మిగిలినది. ఓరుగల్లున రాతిగుర్తు మిగిలినది.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మవతరించినపుడు ఆ తోరణము చార్మినారుతో కూడి రాష్ట్ర అధికారముద్రలో చేరెను. 2024లో ఆ ముద్రను మార్చు ప్రయత్నము జరుగగా తీవ్రమైన వివాదము చెలరేగెను. ఏడువందల యేండ్ల క్రిందట అంతరించిన రాజ్యపు గుర్తుపై ప్రజలకు ఇంత మమకార మేల? నేపుల్సు తోరణము ఆల్ఫోన్సో విజయమునే చెప్పును. ఓరుగల్లు తోరణముపై ఏ రాజు రూపమును లేదు. హంసలు, పూలదండలు మాత్రమే యున్నవి. వానిని ప్రతి తరమువారును తమవిగా భావింపగలిగిరి.