తాళం జబ్బు ఇంజనుకు పాకిన రోజులు

తాళంచెవి తిప్పి తీసేసినా ఇంజను ఆగదు. మెకానిక్ బానెట్ ఎత్తి, మీట నొక్కి దాన్ని ఆపుతాడు. తర్వాత వెళ్లి తలుపు లోపలి అట్ట విప్పుతాడు! 1976లో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ 123 డీజిల్ కార్లకు ఈ వైద్యమే సరైనది.

వాటి సెంట్రల్ లాకింగ్‌కు కరెంటుతో పని లేదు. ఇంజనుతో తిరిగే పంపు గాలిని లాగేస్తుంది. ఆ లాగుడు సన్నని గొట్టాల గుండా ప్రతి తలుపుకూ చేరి, డబ్బీలోని రబ్బరు పొరను కదిపి తాళం వేస్తుంది, తీస్తుంది. ఇంజనుకు డీజిల్ ఆపేదీ ఆ లాగుడే. ఏ వెనక తలుపులోనో పొర చిరిగితే తాళం మొరాయిస్తుంది, ఒక్కోసారి ఇంజనూ మాట వినదు. తెలివైన ఏర్పాటే కానీ, చిల్లు వెతకడం నరకం.

నిజానికి కరెంటు తాళం అంతకంటే పాతది. అమెరికాలో స్క్రిప్స్-బూత్ కారుకు 1914లోనే పెట్టారు. 1956లో ప్యాకార్డ్ కార్ల కంపెనీ మళ్లీ తెచ్చేదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరికి గెలిచింది మాత్రం అదే: తలుపుకో బుల్లి మోటారు, కరెంటు ఒకవైపు పారితే తాళం పడుతుంది, తిరగేస్తే వస్తుంది.

మన దగ్గర మారుతి 800 కొన్నవాళ్లు ఈ మోటారు తాళాల కిట్‌ను విడిగా షాపులో వేయించుకునేవారు. ఆ కిట్లలో డ్రైవరు తలుపు మోటారుకు ఐదు వైర్లు, మిగతావాటికి రెండేసి. ఆజ్ఞ ఇచ్చేది డ్రైవరు తలుపే కనుక దాని స్విచ్ పాడైతే నాలుగూ మూగబోతాయి. ఒక్క తలుపే మొండికేస్తే చెవి పెట్టి వినాలి. మోటారు తిరిగిన చప్పుడుండీ తాళం కదలకపోతే గేరు పళ్లు అరిగాయి, లేదా కడ్డీ జారింది. చప్పుడే లేకపోతే వైరునో మోటారునో అనుమానించాలి.

1982లో రెనో ఫ్యూగో కారుతో రిమోట్ వచ్చింది. పాల్ లిప్షుట్జ్ రూపొందించిన ఆ పరికరం ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేసేది. తర్వాత రేడియో తరంగాలు, నొక్కిన ప్రతిసారీ మారే కోడ్ వచ్చాయి. తాళంచెవితో తిప్పితే నాలుగు తలుపులూ పనిచేస్తూ, రిమోట్‌కు మాత్రం పలకకపోతే ముందు అందులోని బిళ్ల బ్యాటరీ మార్చి చూడాలి.

ఇన్ని మారినా తలుపుకూ బాడీకీ మధ్యనున్న రబ్బరు తొడుగు మాత్రం అలాగే ఉంది. తలుపు తీసినప్పుడల్లా అందులోని వైర్లు వంగుతాయి, ఏళ్లకేళ్లు వంగి లోపలే తెగుతాయి. కొత్త మోటారు వేయాలని ఎవరన్నా చెబితే వెంటనే తలూపకండి. ముందు ఆ తొడుగు జరిపి వైర్లు చూపించమనండి.