గ్రంథాలయ నిర్వహణ సాఫ్టువేరు (స్థానిక, వెబ్ ఆధారిత పద్ధతులు)

గ్రంథాలయ నిర్వహణ సాఫ్టువేరు అనగా పుస్తకాల కేటలాగు, సభ్యుల పట్టిక, పుస్తకాల జారీ, వాపసు, కొనుగోలు లెక్కలు మొదలైన పనులను కంప్యూటరు మీద నడిపే సాఫ్టువేరు. దీనిని వాడే పద్ధతులు ముఖ్యంగా రెండు. గ్రంథాలయంలోని కంప్యూటర్లలోనే స్థాపించుకొని వాడేది స్థానిక పద్ధతి. బ్రౌజరు ద్వారా తెరచి వాడేది వెబ్ ఆధారిత పద్ధతి. కళాశాల గాని, పాఠశాల గాని, పౌర గ్రంథాలయం గాని వీటిలో ఒకదానిని ఎంచుకొనేటప్పుడు ధర, సౌకర్యాలతో పాటు, తన సమాచారం ఎవరి అధీనంలో ఉంటుంది, కావలసినప్పుడు దానిని పూర్తిగా వెనుకకు తీసుకోగలదా అన్నది కూడా పరిశీలించవలసి ఉంటుంది. సాఫ్టువేరును మార్చుకోవచ్చును గాని, ఏళ్ళ తరబడి ఒక్కొక్క పుస్తకాన్నీ చేతపట్టి నమోదు చేసిన కేటలాగును మరల తయారు చేయడం బహు కష్టం.

స్థానిక పద్ధతి

ఇందులో సాఫ్టువేరు, సమాచారం రెండూ గ్రంథాలయ భవనంలోనే ఉంటాయి. చిన్న గ్రంథాలయంలో ఒకే కంప్యూటరు చాలును. పెద్దవాటిలో ఒక సర్వరు, దానికి కేబుళ్ళతో కలిపిన ఇతర కంప్యూటర్లు ఉంటాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం తయారుచేసిన సోల్ ఈ తరహాకు చెందినది. దీని రెండవ కూర్పు 2009లో విడుదలైనది.

వెబ్ ఆధారిత పద్ధతి

ఇందులో సాఫ్టువేరు సర్వరులో నడుస్తుంది. సిబ్బంది కంప్యూటర్లలో బ్రౌజరు ఉంటే సరిపోతుంది. దీనికి మంచి ఉదాహరణ కోహా. న్యూజిలాండులోని హొరొఫెనువా గ్రంథాలయ ట్రస్టు వాడుతున్న పాత సాఫ్టువేరు 2000 సంవత్సరపు తేదీలను గుర్తించలేని స్థితిలో ఉండగా, 1999లో కొత్తదానిని తయారు చేయించారు. అది 2000 జనవరిలో వాడుకలోకి వచ్చినది. మావోరీ భాషలో కోహా అనగా కానుక. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరు గనుక లైసెన్సు రుసుము లేదు. భారతదేశంలో జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం తయారుచేసిన ఈ-గ్రంథాలయ తొలుత స్థానిక పద్ధతిలో ఉండి, నాలుగవ కూర్పుతో వెబ్ ఆధారితమైనది.

వెబ్ ఆధారితం అన్నంత మాత్రాన సమాచారం పరుల సర్వరులోనే ఉంటుందని అర్థం కాదు. కోహాను గ్రంథాలయపు సొంత సర్వరులో స్థాపించి, ఆవరణ లోపలి నెట్‌వర్కులోనే బ్రౌజరు ద్వారా వాడుకోవచ్చును. అదే కోహాను రుసుము చెల్లించి బయటి సంస్థ సర్వరులోనూ నడిపించుకోవచ్చును. కనుక బ్రౌజరులో తెరుచుకుంటుందా అన్నది ఒక ప్రశ్న, సర్వరు ఎవరిది అన్నది మరొక ప్రశ్న.

పోలిక

ఖర్చు: స్థానిక పద్ధతిలో సర్వరు, యూపీఎస్, బ్యాకప్ డిస్కుల కొరకు మొదట్లోనే పెద్ద మొత్తం కావాలి. వాటిని చూసుకొనే మనిషి జీతాన్ని కూడా లెక్కించాలి. బయటి సర్వరుకు మొదటి ఖర్చు తక్కువ గాని, వాడినంత కాలం రుసుము చెల్లిస్తూనే ఉండాలి. అందువల్ల మొదటి సంవత్సరపు ఖర్చును గాక, కనీసం ఐదు సంవత్సరాల మొత్తాన్ని పోల్చి చూడడం సమంజసం.

కనెక్షను: బయటి సర్వరును వాడే గ్రంథాలయంలో అంతర్జాలం ఆగితే జారీ, వాపసు కూడా ఆగుతాయి. అప్పుడు వివరాలను కాగితంపై వ్రాసుకొని తరువాత ఎక్కించాలి. సొంత సర్వరుకు ఈ ఇబ్బంది లేదు, కరెంటు ఉంటే చాలును.

పాఠకుల సౌకర్యం: బయటి సర్వరులోని కేటలాగును పాఠకుడు ఇంటి నుండి వెతకగలడు. సొంత సర్వరుతోనూ ఇది సాధ్యమే గాని, దానిని అంతర్జాలానికి తెరచినప్పుడు భద్రత బాధ్యత గ్రంథాలయానిదే.

నవీకరణ: బయటి సర్వరులో కొత్త కూర్పులను, భద్రతా సవరణలను నిర్వాహకులే చేరుస్తారు. సొంత సర్వరులో వాటిని సిబ్బందే చేయాలి. చేసేవారు లేని చోట పాత కూర్పే ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది.

రెండు సంఘటనలు

2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ లైబ్రరీపై సైబర్ దాడి జరిగినది. దుండగులు సమాచారాన్ని దొంగిలించి, సర్వర్లను పాడుచేశారు. ప్రధాన కేటలాగు 2024 జనవరి 15 వరకు ఆన్‌లైనులో పాఠకులకు అందుబాటులోకి రాలేదు. ఆ సంస్థ 2024 మార్చిలో ప్రచురించిన నివేదిక ప్రకారం, బయటి సర్వర్లలో నడిచే జీతాలు, ఆర్థిక లెక్కల సాఫ్టువేర్లు యథావిధిగా పనిచేశాయి. సొంత సర్వర్లలోని పాత సాఫ్టువేర్లు అనేకం తిరిగి నిలబెట్టరానివయ్యాయి.

దీనిని బట్టి బయటి సర్వరే సురక్షితమని తీర్మానించరాదు. 2013 సెప్టెంబరులో అమెరికాకు చెందిన నిర్వానిక్స్ అనే నిల్వ సేవల సంస్థ మూతపడుతూ, సమాచారాన్ని తరలించుకోవడానికి వాడుకరులకు మొదట సుమారు రెండు వారాల గడువు మాత్రమే ఇచ్చినది. వేరొక చోట ప్రతి ఉంచుకున్నవారికి ఇది అసౌకర్యం. ఉంచుకోనివారికి ఆపద.

తెలుగు కేటలాగు

తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయాలకు మరొక చిక్కు ఉన్నది. యూనికోడ్‌లో 1991 నాటి తొలి కూర్పు నుండే తెలుగు లిపి ఉన్నా, ముద్రణ రంగంలో అను వంటి ఫాంట్లు ఎంతోకాలం వాడుకలో ఉన్నాయి. అటువంటి ఫాంటుతో నమోదు చేసిన పుస్తకాల పేర్లు ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి, వెతికినా దొరకవు. సాఫ్టువేరు ఏ పద్ధతిదైనా, నమోదు యూనికోడ్‌లో జరగాలి.

ఎంపికకు ముందు పరిశీలించవలసినవి

* కేటలాగు మొత్తాన్ని మార్క్ 21 వంటి ప్రామాణిక రూపంలో గ్రంథాలయమే స్వయంగా దించుకోగలదా?
* సభ్యుల వివరాలు, జారీ లెక్కలు కూడా అలాగే లభిస్తాయా?
* ఒప్పందం ముగిసిన తరువాత సమాచారాన్ని ఎన్ని రోజులు ఉంచుతారు?
* సర్వరుతో సంబంధం లేని మరొక చోట బ్యాకప్ ప్రతి ఉన్నదా?
* ఆ ప్రతితో కేటలాగును తిరిగి నిలబెట్టి ఎప్పుడైనా చూశారా?

చివరి ప్రశ్నను చాలా సంస్థలు వదిలివేస్తాయి. పరీక్షించి చూడని బ్యాకప్ అవసరం వచ్చిన నాడు పనిచేస్తుందన్న హామీ లేదు. సంవత్సరానికి ఒకమారైనా, వేరొక కంప్యూటరులో కేటలాగును బ్యాకప్ నుండి తెరచి, కొన్ని తెలుగు పుస్తకాల పేర్లు వెతికి చూడడం మేలు. ఈ పరీక్షలో నెగ్గిన గ్రంథాలయం ఏ పద్ధతిని ఎంచుకున్నా, తరువాత రెండవదానికి మారగలదు.

ఇవి కూడా చూడండి

* గ్రంథాలయం
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* యూనికోడ్