తేలియా రుమాలు: సామాన్యుల సొగసు చరిత్రము



దేశచరిత్రము వ్రాయువారు రాజులేలిన యేండ్లను, యుద్ధములు జరిగిన తావులను, కట్టించిన కోటలను మిక్కిలి శ్రద్ధతో లెక్కింతురు. ఆ రాజ్యములలో బ్రతికిన సామాన్యుడు తలకేమి చుట్టుకొనెను, భుజముపై నేమి వైచికొనెను, సంతలో నే రంగును మెచ్చి బేరమాడెను అను ప్రశ్న వారికి తోచుట యరుదు. తోచినను సమాధానము దొరకుట కష్టము. రాజుల యుడుపులు పెట్టెలలో భద్రముగా నుండి వస్తుప్రదర్శనశాలలకు చేరినవి. సామాన్యుని బట్ట చినుగువరకు కట్టబడి, చినిగిన పిదప పసిబిడ్డకు పొత్తిగుడ్డయై, తుదకు మసిగుడ్డయై మాయమైనది.

నేతపనియే జీవనముగా గల మనకు మాత్రము ఆ మాయమైన బట్టయే చరిత్రము. మన పెద్దలు శాసనములు చెక్కింపలేదు, గ్రంథములు వ్రాయింపలేదు. వారి బుద్ధియు, రుచియు, కష్టమును పడుగుపేకలలోనే నిలిచినవి. అందుచే ఈ సంచికలో ఒక్క బట్టను గూర్చి, అనగా తేలియా రుమాలును గూర్చి, నాకు తెలిసినంత విన్నవించుచున్నాను. ఇది గజము అటునిటుగా చదరముగ నుండు నూలుగుడ్డ. దీనికి కత్తెరతో గాని సూదితో గాని పని లేదు. మగ్గము నుండి దిగినది దిగినట్లే ధరింపదగినది.

"తేల్" అనగా హిందుస్థానీలో నూనె. నూలును నూనెలో నానవేసి తయారుచేయుటచే దీనికీ పేరు కలిగినది. సముద్రతీరమున చీరాల దీనికి పుట్టినిల్లుగ ప్రసిద్ధి చెందినది. 1921లో పురపాలకసంఘము పన్నులను నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున ఊరినే విడిచి వెడలిన చీరాల పేరాలల ప్రజల ధైర్యము అందరెరిగినదే. ఆ యూరి మగ్గముల పనితనము మాత్రమంతగా ఎరుకకు రాలేదు.

ఈ బట్ట చేయు విధానమును కొంచెము వివరింపవలెను. ఏలయన దీని సొగసంతయు ఆ విధానమునందే యున్నది. మొదట ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీట కలిపి, తేరిన క్షారజలమును తీయుదురు. దానిలో నూనె కలిపి, ఆ ద్రవములో నూలు చిలపలను పిసికి, నానబెట్టి, ఎండవేయుదురు. మరునాడు మరల అదే పని. ఇట్లు రెండు వారములకు మించి జరుగును. ఇది చూచువారికి విసుగుపుట్టించు పని. కాని ఈ సంస్కారము పొందిన నూలు ఎరుపును లోతుగా త్రాగును. పటికతో ఎరుపు పట్టును. ఇనుప తుప్పును బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవముతో నలుపు పట్టును. కట్టిన చోట తెలుపు మిగులును. ఎరుపు, నలుపు, తెలుపు అను మూడు వన్నెలే ఈ రుమాలునకు సర్వస్వము.

ఇక చిటికి పని. రంగు వేయుటకు ముందే నూలుపై నమూనాను లెక్కించి, రంగు తగులరాని చోటులను దారముతో బిగించి కట్టుదురు. పడుగుకు వేరుగను, పేకకు వేరుగను ఈ కట్టు జరుగును. నేయునప్పుడు పడుగుపై నున్న ఎరుపు చుక్క పేకపై నున్న ఎరుపు చుక్కతో సరిగా కలిసికొనవలెను. వెండ్రుకవాసి తప్పినను పువ్వు చెదరును. పడుగు పేకలు రెంటిని ఇట్లు కట్టి రంగులద్ది నేయు పని ప్రపంచమున మిక్కిలి కొలది తావులలో మాత్రమే కలదు. గుజరాతులోని పాటను పటోలా పట్టువస్త్రములును, బాలిద్వీపమునందలి తెంగానాన్ గ్రామపు బట్టలును ఈ కోవకు చెందినవే. పటోలా ధనవంతుల పట్టు. తెంగానాన్ బట్ట పూజలకు, శుభకార్యములకు వాడునది. మన రుమాలు కష్టజీవి తలగుడ్డ. ఇంతటి నేర్పు ఒక పల్లెకారుని తలపాగకై వినియోగింపబడినదన్న మాటను మన మెంత తలచినను తక్కువయే.

దీనిని ధరించినవారెవరు? తీరమున చేపలుపట్టువారు, మెట్టప్రాంతముల పశులకాపరులు. వారు దీనిని తలకు చుట్టిరి, భుజముపై వైచికొనిరి, రెండు కలిపి మొలకు లుంగీగా కట్టిరి. నూనె పట్టిన నూలు ఎండలో తలకు చల్లదన మిచ్చుననియు, దుమ్మును త్వరగా అంటనీయదనియు వారు మెచ్చెడివారు. కొత్త రుమాలునకు గల నూనెవాసనయే దాని నిజమునకు గుర్తు. కొనువాడు మొదట వాసన చూచి, పిదప వెల యడిగెడివాడు.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. రుమాలు అందరికి నొకటియే; చుట్టు తీరు మాత్రము ఎవరిది వారిది. కుట్టిన చొక్కా తొడుగువాని దేహమును తన యాకారమునకు లొంగదీయును. చదరపు గుడ్డయో, ధరించువాని చేతి కొలది రూపము దాల్చును. కొస ఎచ్చట దోపవలెను, ముడి ఎట్లు వేయవలెను, నలుపు అంచు నుదుటిపైకి రావలెనా చెవివైపునకు పోవలెనా యన్నది అతని యిష్టము. ధనము లేనివానికి సొగసు ఉండదని తలచువారు ఒక్కసారి యీ తలపాగలను తలచుకొన్న చాలును. హైదరాబాదున ఈ గుడ్డయే మరియొక రూపము దాల్చినది. అసఫ్జాహీల కాలమున గొప్పయింటి స్త్రీలు తేలియా దుపట్టాలను ధరించిరి. తీరమున తలపాగయైనది రాజధానిలో పైటయైనది.

ఈ రుమాలు స్వదేశముననే ఆగలేదు. "ఏషియా రుమాలు" అను వ్యాపారనామముతో అరబ్బు దేశములకు, పారసీక సింధుశాఖ రేవులకు, తూర్పు ఆఫ్రికా తీరమునకు ఓడలెక్కి పోయినది. అచ్చటి వారును దీనిని తలకు చుట్టిరి. వారి రుచికి తగిన లెక్కలతో చీరాల నేతగాండ్రు పువ్వులు కట్టిరి. ఎన్నడును ఓడ నెక్కని మనవారు సముద్రము కావలివారి వేషము నెరిగి దానికి సరిపడు బట్ట నేసిరనుట గర్వింపదగిన మాట. కాని పరదేశపు రుచిపై నాధారపడిన పనికి ఆ రుచి మారిననాడు ఆపద తప్పదు. తక్కువ వెలకు దొరకు అచ్చుగుడ్డలు, మరబట్టలు పోటీకి వచ్చెను. ఎగుమతి సన్నగిల్లెను. చీరాలలో రుమాలు నేయు మగ్గములు క్రమముగా వేరుపనికి మరలినవి. వారాలు పట్టు నూనెపనికి కూలి గిట్టనప్పుడు నేతగాని తప్పేమి?

మన పెద్దలు పాతదానినే పట్టుకొని వ్రేలాడుటచే చెడిరని కొందరు నిందింతురు. ఇది సత్యదూరము. ఎరుపునకు మొదట చిరివేరు వాడెడివారు. 1868లో జర్మనీ దేశమున గ్రేబె, లీబెర్మన్ అను రసాయనశాస్త్రజ్ఞులు అలిజరిన్ అను ఎరుపురంగును కృత్రిమముగా చేయు మార్గము కనుగొనిరి. అది బజారునకు రాగా మనవారు దానిని స్వీకరించి, తమ నూనె సంస్కారమును మాత్రము విడువక, కొత్త రంగును పాత నూలునకు పట్టించిరి. నమూనాలందును ఇట్లే. చదరములు, వజ్రములు, మెట్లవరుసలు మాత్రమే కట్టుచుండిన చేతులు 1930 ప్రాంతమున విమానములను, గడియారములను, గ్రామఫోనులను రుమాలుపై నేసినవి. ఆకాశమున విమానము పోవుట చూచిన పల్లెవాడు దానిని తలపై ధరింప కోరెను. వాని కోర్కెను నేతగాడు గ్రహించెను. గుండ్రని గ్రామఫోను బాకాను చతురస్రపు లెక్కలలోనికి దింపుట ఎట్టి కష్టమో చిటికి కట్టినవారే చెప్పగలరు. కావున మన పెద్దలకు కాలజ్ఞానము లేదనుట న్యాయము కాదు. వారికి లేనిది పెట్టుబడి. వారికి రానిది తగిన వెల.

చీరాలలో సన్నగిల్లిన ఈ పని తెలంగాణమున నిలిచినది. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్న పుట్టపాక గ్రామమున మన పద్మశాలి కుటుంబములు దీనిని కాపాడినవి. 1952లో అఖిలభారత హస్తకళామండలి ఏర్పడినది. కమలాదేవి చట్టోపాధ్యాయ గారు మున్నగు పెద్దలు రుమాలు నమూనాలను చీరలకు మరల్పుడని నేతగాండ్రను ప్రోత్సహించిరి. ఇట్లు పురుషుని తలగుడ్డ స్త్రీ చీరయైనది. దానితో పట్టణపు విద్యావంతులైన స్త్రీలు దీనికి కొత్త పోషకులైరి. పుట్టపాక నేతశిల్పులగు గజం గోవర్ధన గారికి 2011లోను, గజం అంజయ్య గారికి 2013లోను పద్మశ్రీ బిరుదములు లభించినవి. 2020లో తేలియా రుమాలునకు భౌగోళిక సూచిక లభించినది.

బిరుదములు పొందని వారిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. చిటికి కట్టుటకు ముందు నూలును మేకుల పలకపై అటునిటు పోయవలెను. దానినే ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలవలెను. ఈ పని మన యింటి యాడువారిది. భుజములు నొచ్చినను, కన్నులు మండినను, మగ్గము ఆగరాదని వారు తరతరములుగ దీనిని చేసిరి. తన తల్లి లక్ష్మి గారి యీ బాధను చూడలేక చింతకింది మల్లేశము గారు 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును రూపొందించిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. చీర యొక్క సొగసును మెచ్చువారు ఆ భుజముల నొప్పిని మరువరాదు.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అను స్కాట్లండు దేశీయుడు భారతదేశపు బట్టల మాదిరులను 18 సంపుటములుగ కూర్చెను. వానిలో 700 గుడ్డముక్కలు కలవు. లండనులోని ఇండియా మ్యూజియమున నున్న బట్టలను కోసి ఆ ముక్కలు తీసిరి. అట్టివి 20 ప్రతులు చేసి, 13 బ్రిటనులోను 7 భారతదేశమునను ఉంచిరి. ఇదంతయు మనపై ప్రేమచే చేసినది కాదు. భారతీయులేమి కట్టుదురో తెలిసిన, అట్టి బట్టను తమ మరలపై నేసి మనకే అమ్మవచ్చునని వారి యూహ. ఉద్దేశ మేదైనను, వారు మన బట్టను లెక్కించిరి, పేరు వ్రాసిరి, కొలత వ్రాసిరి, దాచిరి. నేసిన మనమో, ఏమి దాచితిమి?

నేడు పట్టణములలో ఒక విచిత్రము జరుగుచున్నది. యువతీయువకులు తాతల నాటి బట్టలను వెదకి వెదకి ధరించుచున్నారు. అమ్మమ్మ చీర, తాత కండువ పెండ్లిండ్లలో గౌరవము పొందుచున్నవి. దీనిని వేడుకయని కొందరు నవ్వుదురు, నేను నవ్వను. అయితే ఈ గిరాకికి ఒక చెడుగు కలదు. పల్లెల పెట్టెలలో నున్న పాత రుమాళ్లు స్టీలుగిన్నెకో, కొలది రూకలకో చేతులు మారుచున్నవి. చేరిన చోట వానికి ఊరు లేదు, నేసినవాని పేరు లేదు. బట్ట మిగిలి చరిత్రము పోవుచున్నది.

కావున ఈ మహాసభవారికి కొన్ని మనవులు. మొదటిది, ప్రతి గృహమునందును పాత పెట్టెలను తెరచి, తేలియా రుమాలు గాని, మరి యే పాత నేత గాని ఉన్నచో దానిని ఏ యూరిలో ఎవరు నేసిరో, ఎవరు కట్టిరో వృద్ధులనడిగి కాగితముపై వ్రాసి దానితోనే యుంచవలెను. రెండవది, నూనె సంస్కారము తెలిసిన పెద్దలు జీవించి యుండగనే, వారి చేతిపనిని యువకులు కూర్చుండి నేర్వవలెను. వ్రాతకు లొంగని సంగతులు చేతికే తెలియును. మూడవది, మన వివాహములలో, సభలలో మనవారు నేసినది మనము ధరింపవలెను. 1905 ఆగస్టు 7 నాటి స్వదేశీ యుద్యమమునకు జ్ఞాపకముగా 2015 నుండి ఆ తేదిని జాతీయ చేనేత దినముగ జరుపుచున్నారు. ఆ యొక్కదినమున మెడలో కండువ వేసికొని, మరునాడు మరబట్టకు మరలుట మనకు శోభింపదు.

రుమాలు తలపాగయైనది, లుంగీయైనది, దుపట్టాయైనది, చీరయైనది. ధరించువారు మారిన కొలది అది మారినదే గాని చావలేదు. నేసినవాని పేరు మాత్రము ఒక్కసారియు దానితో పోలేదు. ఇకనైనను ఆ పేరు బట్టతో పాటు నడచుటకు మన మందరము పూనుకొందుము గాక!